సిస్టరమ్మ పెంచిన తోటకు నీళ్లు వదలండి

శామియానా గుంజలకు అడ్డొచ్చాయని, ఎవరి కోసం సంతాప సభ పెట్టారో ఆవిడ వేయించిన నీటి గొట్టాలనే పీకి పారేశారు. గురజాలలో కారంపూడి రోడ్డు మీదున్న మా ఆసుపత్రి హెడ్ నర్సు, ఊరంతా సిస్టరమ్మ అని పిలిచిన మనిషి, పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ గుండె ఆగి పోయింది. నేను మాచర్లలో ఒక బోరులోకి మోటారు దించుతుంటే కబురొచ్చింది. మోటారు అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఆవిడను సాగనంపి వారం తిరక్కుండానే సభ పెట్టారు. ఆసుపత్రి కమిటీ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని "ఈ పచ్చదనమంతా ఆమె చలవే" అన్నారు. ఆ పచ్చదనం నోట్లోంచి గొట్టం లాగేసి, దాని మీదే కుర్చీలు వేయించుకుని కూర్చుని మరీ అన్నారు.

నేను పైపుల పని చేసేవాణ్ణి. బడి మధ్యలో మానేశాను. మోటారు డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు కాగితాలు ముందేసుకుని కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. మెత్తగా రాయడం నాకు చేతకాదు. అయితే సిస్టరమ్మ గురించి ఏడుస్తూ రాయడం కూడా కుదరదు, ఎందుకంటే ఆవిడకే నచ్చదు. వార్డులో ఎవరైనా ముక్కు చీదుతూ కూర్చుంటే "ముందు పోయి మొహం కడుక్కురా, తర్వాత తీరిగ్గా ఏడుద్దువు" అనేది. మొహం కడుక్కుని వచ్చేసరికి సగం మంది ఏడుపు సంగతే మర్చిపోయేవాళ్లు.

ఇప్పుడు తోట ఉన్నచోట మునుపు ఉత్త కంకర నేల. పలుగు వేస్తే జానెడు లోతులోనే నాపరాయి ఖంగుమనేది. రోగుల వెంట వచ్చినవాళ్లు ఎండాకాలంలో గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, చంకలో పిల్లలతో, చేతిలో క్యారియర్లతో పొద్దు గడిపేవాళ్లు. నీడ లేని ఆసుపత్రిలో వచ్చిన జబ్బు తగ్గేలోపు కొత్త జబ్బు తగులుకుంటుందని సిస్టరమ్మ వాదన. వేళ్లు నలిగి కట్టు కట్టించుకున్న క్వారీ వాళ్లకు "తగ్గాక ఒకసారి కనపడు" అని చెప్పి పంపేది. వాళ్లు పాపం చెయ్యి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా పనిచేస్తందే, పలుగు పట్టుకో" అనేది. అట్లా రాయి పగిలింది, గుంతలు లేచాయి, వాగు మట్టి పడింది, మొక్కలు నిలిచాయి. ఇక నీళ్లెట్లా అన్న ప్రశ్న మిగిలింది.

నన్ను మొదట పిలిచింది ఆవిడ కాదు, కమిటీ సెక్రటరీ గారు. పెద్ద మిరప రైతు, ఎన్నికలొస్తే ఇంటి ముందు జీపులు ఆగే మనిషి. చెడ్డవాడని నేననను. కంటికి కనపడని పని మీద ఆయనకు నమ్మకం లేదు, అంతే. గుంటూరులో ఎవరో అధికారి బంగళా ముందు పచ్చికలో గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ చూసొచ్చి, అలాంటిదే ఒకటి కొనుక్కొచ్చాడు. డాబా మీది తొట్టి నుంచి పంపు పెట్టి దానికి కలపమన్నాడు. కలిపాను.

"ఏందిరా, అయిందా?"

"అయిందండీ. గాలి తోలుతుంది, పొద్దు వాలినాక వదులుదాం."

"పొద్దు వాలితే జనం యాడుంటారు? జనం చూడకపోతే ఎందుకది? వదులు."

వదిలాను. గాలి పడమటి నుంచి కొడుతోంది. నీళ్లు మొక్కల మీద ఒక్క చుట్టు తిరిగి, తర్వాత వరుసలో నిలబడ్డ జనం మీదికి మళ్లాయి. ఓపీ చీటీలు చేతుల్లోనే మెత్తబడ్డాయి. జ్వరమని తీసుకొచ్చిన పిల్లలు జ్వరం మర్చిపోయి గంతులేశారు. కారంపూడి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తల మీది కొంగు తీసి, ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నట్టు నిదానంగా స్నానం చేసింది. బాలింతల వార్డులోంచి ఎవరో గుడ్డల మూట తెచ్చి జాడించడం మొదలుపెట్టారు. సెక్రటరీ గారి ఖద్దరు ఒంటికి అంటుకుపోయింది. అంతలో లోపల్నుంచి డాక్టరు గారు మోచేతుల దాకా సబ్బు నురగతో బయటికొచ్చి, "ఆపరేషన్ గదిలో నీళ్లు ఆగిపోయినయ్యేంది?" అని అడిగాడు. తొట్టి ఖాళీ. సిస్టరమ్మ వరండాలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

రెండు మూడు రోజులకు ఆకుల మీద తెల్లటి మచ్చలు లేచాయి. మా నేల నీళ్లలో సున్నం ఎక్కువ. బిందెల అడుగున పేరుకునే ఆ తెలుపే ఎండకు ఆకుల మీద ఎండిపోయి చారలు కట్టింది. ఆ రోజు సిస్టరమ్మ నన్ను డ్రెస్సింగ్ గదిలోకి పిలిచి, ఇద్దరికీ టీ తెప్పించి మొదలుపెట్టింది.

"అబ్బాయ్, నీ వాన బాగుంది. కాకపోతే తడిసింది చొక్కాలు. గొంతులు తడవలా."

"నేనేం చేసేదమ్మా, ఆయన తెచ్చాడు, నేను బిగించా."

"సరేలే. నేనొకటి అడుగుతా చెప్పు. మా వార్డులో పసిబిడ్డకీ పహిల్వానుకీ ఒకే మందు, ఒకే మోతాదు పోస్తే ఏమవుద్ది?"

"చస్తారు."

"మరి మల్లెకీ వేపకీ ఒకటే వాన ఎందుకు పోస్తన్నావు?"

అప్పుడు బల్ల కింద నుంచి ఒక తట్ట బయటికి లాగింది. నిండా వాడి పారేసే సెలైన్ గొట్టాలు. ఉడకబెట్టి, కడిగి ఆరబెట్టినవి. ఆ గొట్టానికి చిన్న చక్రం ఉంటుంది. ఒకవైపు తిప్పితే చుక్కలు తగ్గుతాయి, మరోవైపు తిప్పితే పెరుగుతాయి. ఆవిడ ఒక సీసా నిండా మామూలు నీళ్లు పోసి కిటికీ ఊచకు తలకిందులుగా కట్టి, గొట్టం చివర ఒక మొక్క కుండీలో పెట్టింది. ఇద్దరం టీ తాగుతూ దాన్ని చూశాం. చుక్క పడుతోంది, మట్టి తాగుతోంది. పక్కకు పారేది లేదు, పైకి ఎగిరేది లేదు. టీ అయిపోయేసరికి కుండీ మట్టి నల్లగా తడిసింది, కింద నేల మాత్రం పొడిగానే ఉంది. నాకు అప్పటికి చాలా పైపులు బిగించిన అనుభవం ఉంది. నీళ్లు ఇంత నెమ్మదిగా పోవడం కూడా ఒక పనే అని మొదటిసారి అనిపించింది.

గొట్టాలు బిగించే ముందు తోటంతా నన్ను నడిపించింది. మొక్కలకు ఆవిడ బెడ్ నంబర్లు పెట్టుకుంది. దాహం ఎక్కువున్నవన్నీ ఒక లైను: మల్లె, కనకాంబరం, అరటి. నిమ్మ, జామ, కరివేపాకు ఇంకో లైను. వేప, కానుగ వేరే లైను. ఒక్కో లైనుకు ఒక్కో తిప్పుడు బిళ్ల. ఒకటి తెరిస్తే మిగతావి మూసి ఉండాలి. చెట్లకు రోజూ కాస్త కాస్త కాదు, వారానికోసారి చాలాసేపు. ఎందుకని అడిగాను.

"రోజూ నోటికందిస్తా ఉంటే వేరు కిందికెందుకు దిగుద్ది? మంచానికి అలవాటుపడ్డ మనిషి చూడు, జబ్బు తగ్గినా లేవడు. చెట్టు నిలదొక్కుకుందంటే డిశ్చార్జి చేసెయ్యడమే."

మొదట డాబా తొట్టి నుంచి నేరుగా కలిపి చూశాం. తొట్టి ఎత్తుకు నీటి తోపుడు ఎక్కువై, సెలైన్ గొట్టాలన్నీ ఒక్కసారిగా ఊడి, పాముపిల్లల్లా తలలెత్తి ఆడాయి. జనం చెప్పులు వదిలి పరిగెత్తారు. ఆవిడ మాత్రం చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడి నన్ను అడిగింది: "సెలైన్ సీసా యాడ కడతాం? మనిషికన్నా కాస్త ఎత్తులో. డాబా మీద కడతామా?" నాకు వెలిగింది. తొట్టి నీళ్లు ముందు మనిషి ఎత్తున్న దిమ్మె మీది డ్రమ్ములోకి దించి, డ్రమ్ము నుంచి నల్ల గొట్టం, నల్ల గొట్టానికి సెలైన్ గొట్టాలు కలిపాం. అప్పుడు కుదిరింది. గొట్టం చివర కాండం మొదట్లో పెట్టబోతే చేతి మీద కొట్టింది. కొమ్మల నీడ ఎక్కడి దాకా పడుతుందో ఆ అంచున పెట్టమంది. పీల్చే వేర్లు అక్కడుంటాయట. తడి ఆరిపోకుండా చుట్టూ వరిగడ్డి, వేరుశనగ పొట్టు కప్పించింది.

పెట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. పొద్దున వార్డు రౌండ్సు అవగానే చెప్పులు వరండాలో విడిచి తోట రౌండ్సుకు దిగేది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూసేది. తడి తగిలితే ఆ లైను ఆ రోజుకు మూతే. "పైన తడి కనపడితే మనకు సంతోషం. కింద తడి ఉంటే చెట్టుకు సంతోషం" అనేది. డ్రమ్ము మూతికి గాజుగుడ్డ కట్టేది, నలుసులు గొట్టాల్లోకి పోకుండా. ప్రతి శనివారం లైన్ల చివరి బిరడాలు తీయించి పేరుకున్న మడ్డి పోయేదాకా నీళ్లు వదిలించేది. సున్నం పట్టి చుక్క ఆగిన గొట్టాలను చింతపండు పులుసులో నానేసేది. ఆసుపత్రి వంటింట్లో ఒక గిన్నె దీనికే ఉండేది. ఒకసారి వంటావిడ తెలియక అది చారనుకుని పోపు పెట్టింది. డ్యూటీ డాక్టరు తిని బాగుందన్నాడట. సిస్టరమ్మ ఆ ముచ్చట ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు, డాక్టరుకు మాత్రం చెప్పలేదు.

ఇక మా వాచ్‌మన్ సంగతి చెప్పకపోతే ఈ తోట కథ సగమే. మా వైపు జనానికి సెలైన్ అంటే ఎంత గురి అంటే, ఒళ్లు నొప్పులకు వచ్చినా "మాత్రలు కాదండీ, ఒక బాటిల్ ఎక్కించండి" అంటారు. వాచ్‌మన్ ఒకసారి వాంతులతో పడిపోతే సిస్టరమ్మ సెలైన్ పెట్టింది. సాయంత్రానికి లేచి కూర్చుని బీడీ అడిగాడు. అప్పటి నుంచి ఆ సీసా మీద ఆయనకు భక్తి. నిమ్మచెట్టంటే కూడా ప్రాణం. ఒక వేసవిలో ఆ నిమ్మ ఆకుల అంచులు మాడినట్టయి రాలడం మొదలుపెట్టాయి. నేను లైను చూశాను, చుక్క బాగానే పడుతోంది. సిస్టరమ్మ వేలు గుచ్చింది, తడి ఉంది. ఆవిడ ఆ వేలు నాలుకకు తాకించి, ఉమ్మేసి, వాచ్‌మన్‌ను పిలిచింది.

"బాబాయ్, ఈ చెట్టుకేం పెట్టావ్?"

"నేనేం పెడతానమ్మా."

"మట్టి ఉప్పగా ఉంది. నిజం చెప్పు."

ఆయన తువ్వాలు మడత విప్పి, మళ్లీ మడిచాడు. "పేషెంట్లకు పెట్టంగా సీసాల్లో మిగులుద్ది గదమ్మా. పారబోస్తన్నారు. పాపం ఇది నీరసంగా ఉంది. ఉత్త నీళ్లలో ఏం బలముంటది? ఒరిజినల్ ఎక్కిస్తన్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"పూత రాలినకాడ్నుంచీ. నాకెక్కిస్తే లేచి కూర్చున్నా గదా."

సిస్టరమ్మ అరుగు మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "నిన్ను లేపింది గనక దీన్నీ లేపుద్దనుకున్నావు. దీనికి నీలాగ ఒంట్లో ఉప్పు పోలేదు బాబాయ్. ఉన్న ఉప్పే ఎక్కువ" అంది. కోప్పడలేదు. ఆ లైను చక్రాలన్నీ బార్లా తిప్పించి, ఉప్పు కిందికి దిగిపోయేదాకా బోరు నీళ్లు పెట్టించింది. వాచ్‌మన్‌ను దానికి స్పెషల్ డ్యూటీ వేసింది. ఆయన చెట్టు పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు. కొత్త చిగురు కనపడ్డ రోజున ఆసుపత్రిలో ఉన్నవాళ్లందరికీ బెల్లం ముక్క పంచాడు. ఏం జరిగిందో తెలియని వాళ్లు ఆయనకు మనవడు పుట్టాడనుకుని దీవించారు.

ఇంకో రోజు ఒక ముసలమ్మ ఓపీలో జగడం వేసుకుంది. "ఏమే సిస్టరూ, ఆడ చెట్లకు కూడా బాటిళ్లు పెట్టారు, నాకేమో మాత్రలు చేతిలో పోస్తన్నావు. నేను మల్లెచెట్టుకన్నా కానిదాన్నా?" సిస్టరమ్మ తొణకలేదు. "వాటికి నడవటం రాదు పెద్దమ్మా, అందుకని. నువ్వు నడిచి వచ్చావు గదా, నడిచిపోయి ఆ కుండలో నీళ్లు తాగు" అంది. ముసలమ్మ తిట్టుకుంటూ వెళ్లి తాగింది. పోతూ పోతూ మల్లెమొగ్గలు కొప్పు నిండా కోసుకుపోయింది. సిస్టరమ్మ చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

నా నోరు ఊళ్లో అందరికీ తెలిసిందే. పని దగ్గర ఎవరితోనైనా గొడవపడి వస్తే ఆవిడ ముందు కాఫీ ఇచ్చేది, తర్వాత కాగితం ఇచ్చేది. "నోటితో తిట్టింది గాలికి పోద్ది. కాగితం మీద తిట్టు. మళ్లీ చదువుకుంటే నీ తప్పెంతో వాడి తప్పెంతో తెలుస్తది" అనేది. రాసి చూపిస్తే ఎర్ర పెన్నుతో అక్కరలేని తిట్లన్నీ కొట్టేసి, మిగిలినదాన్ని చదివి వినిపించేది. మిగిలేది కొంచెమే, కానీ గట్టిగా ఉండేది. నేను ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే ఆ పెన్ను పుణ్యమే. ఈసారి కొట్టేసే మనిషి లేదు కాబట్టి, ఎక్కువ తక్కువలుంటే మీరే సర్దుకోవాలి.

సభ రోజున అందరి ప్రసంగాలూ అయ్యాక సెక్రటరీ గారు ప్రకటించాడు. దుర్గి శిల్పుల చేత ఆమె పేరు రాతి మీద చెక్కిస్తాడట. తోట చదును చేసి పచ్చిక పరిపించి, మధ్యలో పెద్ద స్ప్రింక్లర్ పెట్టిస్తాడట, ఆమె జ్ఞాపకంగా. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"అండీ, రాయి తర్వాత. పీకిన గొట్టాలు ఎప్పుడు పెడతారు?"

"ఒరేయ్, పోయిన మనిషి సభలో పైపుల గోలేందిరా? కూర్చో."

నేను కూర్చోలేదు. పక్కన వాచ్‌మన్ కూడా లేచాడు. ఆయనకు మైకు ఇవ్వలేదు, ఇచ్చినా ఆయన గొంతుకు అక్కరలేదు. "అయ్యా, ఆయమ్మే ఉండుంటే ఈపాటికి మనందర్నీ లేపి కుర్చీలు తీయించేది. మీరు కూర్చున్నది మల్లెపాదు మీద" అన్నాడు. ముందు వరుసలో పెద్దలు కిందికి చూసుకున్నారు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సభంతా నవ్వింది, ఏడుస్తున్న వాళ్లు కూడా. ఆవిడ సభకు ఆ నవ్వే తగినది. సెక్రటరీ గారు మాత్రం నవ్వలేదు. మర్నాడు, తొట్టి దగ్గరికి పోయే డాబా మెట్ల తలుపుకు కొత్త తాళం పడింది. గొట్టాలు జనరేటర్ గదిలో కుప్పగా పడి ఉన్నాయి. కిటికీలోంచి నా కళ్లతో చూశాను.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. వేపలకు భయం లేదు, వాటిని ఆవిడ ఎప్పుడో డిశ్చార్జి చేసింది. నిమ్మ, జామ ఆకులు ముడుచుకుంటున్నాయి. మల్లె ఒకవైపు ఎండిపోయింది. పోయిన వానాకాలంలో ఆవిడ ఓపీ గుమ్మం దగ్గర నాటిన కానుగ మొక్కలు ఇంకా నడక నేర్వని బిడ్డలే. అవి పెరిగితేనే ఆ గుమ్మం ముందు జనానికి నీడ. అవి ఈ వేసవి దాటకపోతే, రోగుల వెంట వచ్చినవాళ్లు మళ్లీ గోడ నీడను పట్టుకుని జరుగుతూ కూర్చోవలసిందే. పచ్చిక పరిస్తే దాని మీద ఎవరూ కూర్చోకుండా తీగ కడతారు. స్ప్రింక్లర్ తిరిగితే లోపల డాక్టరు సబ్బు చేతులతో నిలబడతాడు. నీళ్లకు కరువున్న ఊరు ఇది. ఉన్న నీటిని ఎవరికెంత కావాలో అంతే ఇవ్వడం ఆవిడ చేసి చూపించింది. దాన్ని చదును చేసి, పైన ఆవిడ పేరు చెక్కిన రాయి పెడతామంటే నేనొప్పుకోను.

కమిటీ వారిని ఇందుమూలంగా అడుగుతున్నాను. జనరేటర్ గదిలోని గొట్టాలు మాకివ్వండి. డాబా తాళం తీయండి. బిగించే కూలి నాకక్కర్లేదు, శనివారం శనివారం బిరడాలు తీసి కడిగే పని కూడా నాదే. పచ్చిక ఆలోచన మానుకుంటున్నామని ఓపీ గోడ మీద రాసి అంటించండి. జవాబు వచ్చే బుధవారం సాయంత్రం, ఓపీ మూసే వేళ లోపల కావాలి. రాకపోతే గురువారం పొద్దున నేను రెంచి పట్టుకుని గేటు దగ్గర ఉంటాను. నా వెనక, ఆవిడ చేతి మీదుగా బిడ్డల్ని కన్న ఆడవాళ్లు నిండు బిందెలతో రోడ్డు పొడుగునా వరుస కట్టి ఉంటారు. వాళ్లతో మాట్లాడాకే ఇది రాస్తున్నాను. గేటు తీయకపోతే గోడ మీదుగా ఒకరి చేతిలోంచి ఒకరు బిందెలు అందిస్తామన్నారు, ఒక్క చుక్క ఒలకకుండా.